ఇనుము సోకని ద్రాక్షవనం

గోశృంగాశ్రమం ముఖద్వారం దగ్గర రాకుమారి వారుణి ఆగేసరికి సూర్యుడు నడినెత్తి దాటి పడమటికి ఒరుగుతున్నాడు. ఆమెను చూసినవాళ్లెవరూ మృద్వీకాపుర రాకుమారి అనుకోరు. కాషాయం చుట్టుకుని, జుట్టు జటలా బిగించి, కాటుకతో నూగుమీసం దిద్దుకుని, చంకలో జింకచర్మం ఇరికించుకున్న కుర్ర శిష్యుడి వేషం. ఆమెకు ముందు, బొజ్జను ఉత్సవమూర్తిలా ఊరేగిస్తూ నడుస్తున్న మహానుభావుడు దక్షిణదేశపు ద్రాక్షాయోగి త్ర్యంబకస్వామి. మొన్నటిదాకా ఆయన పేరు భీమలింగం. రాజప్రాసాదంలో వంటశాలకు అధిపతి. గుత్తివంకాయ కూరలో ఆయనను మించినవాడు ఆ మండలంలో లేడు. యోగంలో మాత్రం ఆయనకు తెలిసింది భోజనం తరువాతి శవాసనం ఒక్కటే.

ఆ ద్వారం చూసి తీరవలసిందే. చంద్రకాంత శిలలో తొలిచిన రెండు మహా గోశృంగాలు నేలను చీల్చుకుని లేచి, ఆకాశంలో నెలవంకలా ఒంగి, కొసకు కొస కలుపుకుంటున్నాయి. వాటి మధ్య వేలాడే పలుగురాళ్ల తోరణాలు ఎండకు ఏడు రంగులూ చిమ్ముతున్నాయి. ప్రహరీ మీద నెమళ్లు పురి విప్పి ఆడుతున్నాయి. మల్లె, సంపెంగ, పారిజాత పరిమళాలు అలలు అలలుగా వచ్చి మొహాన తగులుతున్నాయి. ఆ అలల వెనకాలే పేడకంపు కూడా తగులుతోంది. గోడలన్నీ దానితోనే మెత్తారు మరి.

"పీల్చుకోరా చిదంబరా, గుండెల నిండా పీల్చుకో. ముక్తి వాసన," అన్నాడు భీమలింగం.

"ఆ 'రా' పిలుపు మీద తమకు మక్కువ ఎక్కువైంది బాబాయ్," అంది వారుణి గొంతు తగ్గించి.

"వేషం కదా తల్లీ! రక్తి కట్టొద్దూ?"

వారుణి వచ్చింది వేషం రక్తి కట్టించడానికి కాదు, అన్న కోసం.

మృద్వీకాపురం ద్రాక్షకు పుట్టిల్లు. ఆ దేశపు ద్రాక్షాసవం కోసం ఇరుగుపొరుగు రాజులు యుద్ధాలు మధ్యలో ఆపేసి వచ్చిన రోజులున్నాయి. అలాంటి దేశంలోకి గోశృంగనాథుడనే సిద్ధుడొకడు కొండ దిగి వచ్చాడు. తీగకు కత్తి తగిలించడం మహాపాపమన్నాడు. ఆవుకొమ్ములో పేడ కూరి, చంద్రుడు ఏ రాశిలో ఉన్నాడో చూసి పాతిపెడితే నేలకు జ్ఞానం కలుగుతుందన్నాడు. పలుగురాతి పొడి కలిపిన నీళ్లను ఎడమకు కాసేపు, కుడికి కాసేపు చిలికి చల్లితే గుత్తిలోకి నక్షత్రకాంతి దిగుతుందన్నాడు. తోటలో ఒళ్లు వంచినవాళ్లు విని నవ్వి ఊరుకున్నారు. మంత్రులూ సామంతులూ వాళ్ల సతీమణులూ మాత్రం నవ్వలేదు. పెద్దయ్యాక ద్రాక్షను వెండిపళ్లెంలో తప్ప ఇంకెక్కడా చూడనివాళ్లు కాబట్టి కళ్లు తుడుచుకున్నారు. దేశమంతటా కత్తిరింపు కత్తులు నిషేధమైపోయాయి. తీగలు ఆకులు మేసిన మేకల్లా బలిసి, కాపు మానేశాయి.

అసలు సంగతేమిటో తేల్చుకు వస్తానని యువరాజు ఉదయమిత్రుడు పోయిన ద్రాక్షకోతల ముందు ఈ ఆశ్రమానికి వచ్చాడు. మళ్లీ రాలేదు. బదులుగా ఒక శిష్యుడు వచ్చి, యువరాజుకు లతాసాయుజ్యం సిద్ధించిందని చెప్పి, భోజనం చేసి, తాంబూలం పుచ్చుకుని పోయాడు. రాజుగారు పొంగిపోయి అన్నదానం చేయించారు. వారుణి మాత్రం నమ్మలేదు. కళ్లు మూసుకుని ధ్యానం చేయమంటే గురకపెట్టే మనిషికి సాయుజ్యమేమిటి?

"ఆగండి!" అంటూ ద్వారం దగ్గర ఒక శిష్యుడు అడ్డం వచ్చాడు. ఒంటినిండా బంకమట్టి పూసుకుని, అది ఎండి బీటలు వారగా పాడుబడిన గోడలా ఉన్నాడు. "నా పేరు మృత్తికానందుడు. లోపలికి ఇనుము రాకూడదు. కత్తి, తాళంచెవి, చెవిలో గుబిలి తీసే పుల్ల, ఏదైనా ఇక్కడే వదలాలి."

వారుణి మొలలోని బాకు తీసి ఇచ్చింది. భీమలింగం వక్కలు కత్తిరించే అడకత్తెరను కన్నబిడ్డను అప్పగించినట్టు అప్పగించాడు. మృత్తికానందుడు వాళ్ల కాలివేళ్ల సందులు కూడా వెతికి తృప్తిపడ్డాడు.

"స్వామివారు ఏ సంప్రదాయం? కొమ్ము శుక్లపక్షంలో పాతుతారా, కృష్ణపక్షంలోనా?"

భీమలింగం జాలిగా చూశాడు. "కొమ్మా? మీరింకా కొమ్ము దగ్గరే ఉన్నారా నాయనా?"

మృత్తికానందుడి మొహం మీది మట్టి ఇంకో రెండుచోట్ల పగిలింది. "అంటే... తమరు పేడను భూమిలో పాతరా?"

"మేం భూమినే పేడలో పాతుతాం."

చుట్టూ మూగిన శిష్యులంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టారు. ఒకామె గుండె మీద చెయ్యి వేసుకుని అక్కడే కూలబడింది.

"మరి జలమథనం, స్వామీ? ముందు ఎడమకా, కుడికా?"

"నీళ్లను తిప్పడం అపచారం. నీళ్లు కదలకూడదు. వాటి చుట్టూ మనం తిరగాలి."

అంతే. పొర్లుదండాలు మొదలయ్యాయి. భీమలింగం బొజ్జ నిమురుకుంటూ ఆశీర్వదించాడు. ఇన్నాళ్లూ వంటింట్లో మగ్గిపోయానే అన్న పశ్చాత్తాపం ఆయన కళ్లలో స్పష్టంగా కనిపిస్తోంది.

లోపల దృశ్యం ఇంకా రమణీయం. బారులు తీరిన మట్టితొట్ల దగ్గర, పట్టుబట్టలు కట్టుకున్న సామంతుల కొడుకులు కర్రలు పట్టుకుని చెమటలు కక్కుతూ నీళ్లు చిలుకుతున్నారు. ఇంట్లో మంచినీళ్లు ముంచుకు తాగని ప్రబుద్ధులు! ఒక పందిరి కింద ఎలుకలను కాల్చిన బూడిద పొట్లాలు కడుతున్నారు, మిగతా ఎలుకలకు బుద్ధి రావడానికట. ఇంకొకచోట ఒక పండు ముత్తయిదువ తీగకు తన కోడలి మీద చాడీలు చెబుతోంది.

"మనసులోని బరువు తీగకు చెప్పుకుంటే గుత్తికి రుచి వస్తుంది," అని వివరించాడు మృత్తికానందుడు.

"ఏం రుచి?" అంది వారుణి.

"లోతైన రుచి."

తోట మధ్యకు వచ్చాక వారుణి వెటకారం కాస్త తగ్గింది. ఇక్కడి తీగలకు కత్తి తగిలిన జాడ లేదు. ఆకులకు బూజు పట్టింది. కొమ్మలు చిక్కుపడిన జుట్టులా ఉన్నాయి. ఈ సేవకు పొట్లపాదు కూడా కాయదు. కానీ ప్రతి తీగకూ మోచేతి పొడవు గుత్తులు, నీలాల్లా మెరుస్తూ, పగిలిపోతాయేమోనన్నంత నిండుగా వేలాడుతున్నాయి. ఎక్కడిది ఈ కాపు?

"ఆ మూలకు మాత్రం పోకండి," అన్నాడు మృత్తికానందుడు చిరాగ్గా. "అది అశ్రద్ధ తీగ. పాట పాడితే ఆకులు ముడుచుకుంటుంది. కొమ్మునీళ్లు చల్లితే విదిలించుకుంటుంది. కాయ నోట పెడితే పళ్లు పులిసిపోతాయి. గురువుగారే దానికి దండం పెట్టి వదిలేశారు. ఇటు రండి, దర్శనానికి దారి ఇది."

అది రెండు వైపులా తీగలు అల్లుకున్న ఇరుకు దారి. భుజాలకు రాసుకుంటూ వెళ్లాలి. ప్రతి కొమ్మ కణుపులోనూ లేత పిలకలు విచ్చలవిడిగా పుట్టుకొచ్చి ఉన్నాయి.

ఇక్కడ మృద్వీకాపురం వాళ్ల అలవాటు ఒకటి చెప్పాలి. ఆ దేశంలో పిల్లలకు నడక రాగానే పందిరి కింద నిలబెట్టి, గుత్తి పక్కన మొలిచే పిలకను గోటితో గిల్లడం నేర్పుతారు. తీగ సారాన్ని పిలక తినేస్తే గుత్తి ఎండిపోతుంది. పెళ్లిలో వధూవరులు మొదట కలిసి చేసే పని కూడా ఒక పిలక గిల్లడమే. యుద్ధానికి పోయే సైనికుడైనా, శవం వెంట నడిచే కొడుకైనా తీగ పక్కనుంచి పోతే చెయ్యి దానంతటదే పైకి లేస్తుంది. రాజుగారి కూతురి చెయ్యికి మినహాయింపేమీ లేదు.

వారుణి ఆ పేడ తత్త్వాన్ని మనసులో తిట్టుకుంటూ నడుస్తోంది. చెయ్యి లేచింది. గోళ్లు కలిశాయి. టుక్కుమంది.

"అబ్బా!" అంది తీగ.

గిల్లినచోట ఎర్రటి చుక్క ఉబ్బి, జారి, ఆమె మణికట్టు మీద వెచ్చగా పడింది. రసం కాదు. నెత్తురు.

"గిల్లావు," అంది ఒక గొంతు, బెల్లంపాకంలా తియ్యగా.

దారి చివర ఏనుగంత కొమ్ము మీద, ఊయలలో కూర్చున్నట్టు గోశృంగనాథుడు కూర్చుని ఉన్నాడు. ఎండుకర్రలాంటి మనిషి. గడ్డాన్ని రెండుగా చీల్చి, పైకి మెలితిప్పి కొమ్ములు చేసుకున్నాడు. ఒళ్లో మూతికి గుడ్డ కట్టిన పెద్ద జాడీ ఒకటి పసిపిల్లలా పడుకుని ఉంది.

"మృద్వీకాపురం నుంచి ఎవరు ఏ వేషంలో వచ్చినా నాకు మంత్రం వెయ్యక్కర్లేదు. ఈ దారిలో నడిపిస్తే చాలు. అవే కళ్లు, అదే గిల్లుడు. మీ అన్న కూడా ఇక్కడే గిల్లాడు అమ్మాయీ. మీసం కాస్త చెదిరింది, తుడుచుకో."

వారుణి మీసం తుడిచేసింది. "ఈ తీగలన్నీ మనుషులా?"

"మంచి ప్రశ్నలడిగిన మనుషులు," అన్నాడు గోశృంగనాథుడు. "అడగనివాళ్లు అక్కడ నీళ్లు చిలుకుతున్నారు."

"మరి ఈ కొమ్ములూ, పేడా, చంద్రుడూ దేనికి?"

"జనం చూడటానికి. అందరూ పేడకేసి భక్తితో చూస్తుంటే వేరుకేసి ఎవరు చూస్తారు? ఒక్కొక్క గుత్తిలో ఒక్కొక్కరి ఆయుష్షు. సాయంత్రం తొక్కించి, రసం పట్టి, చీకటి పడేలోగా పుచ్చుకుంటాను. మీ ముత్తాత పట్టాభిషేకానికి కూడా నేను ఈ వయసులోనే వచ్చాను. నీ అన్న ఒక్కడే నా ప్రాణం తీశాడు! పోయిన ఏడు పిండితే, ఆ పులుపుకు నాలుక బొబ్బలెక్కింది. అందుకే ఈ జాడీలో పోసి మాగబెట్టాను." జాడీని ముద్దుగా తట్టాడు. "ఈ పూటకు మాగి ఉండాలి."

మూలనున్న తీగ ఎవరో వారుణికి అప్పుడు తెలిసింది. హరికథ మధ్యలో లేచి వెళ్లిపోయేవాడు, ఆస్థానకవి చదువుతుంటే విసనకర్రతో మొహం కప్పుకునేవాడు, తీగ అయ్యాక మాత్రం మారతాడా?

"ఇనుము సోకకూడదన్నది ఇందుకా? తగిలితే మాయ విడిపోతుందా?"

"చూశావా, మళ్లీ మంచి ప్రశ్న!" అంటూ సిద్ధుడు చిటికె వేశాడు.

నేల చీలి నులితీగలు పాముల్లా పైకి వచ్చి ఆమె కాళ్లను చుట్టేశాయి. పాదాలు చల్లబడ్డాయి. కాలివేళ్లు ఆకుపచ్చగా మారి, మట్టిలోకి దిగడానికి దారి వెతుక్కుంటున్నాయి.

"బాబాయ్!" అని అరిచింది వారుణి.

ద్రాక్షాయోగి త్ర్యంబకస్వామి అప్పటికి, ఇరుకు దారి మొదట్లోనే శిష్యులు ఆపేయగా, ఒక అరుగు మీద పాదపూజ చేయించుకుంటున్నాడు. ఆ కేకకు తలెత్తి చూశాడు. ఆయన చేతిలో ఆయుధం లేదు. ఉన్నది గొంతు. విందు రోజున చివరి పంక్తి దాకా నెయ్యి అందలేదని అరిచే గొంతు.

"చంద్రుడు ఇల్లు మారాడు!"

శిష్యులు బిగుసుకుపోయారు.

"మారాడర్రా! వేళ్ల రాశి వదిలి ఆకుల రాశిలో పడ్డాడు! పొద్దుటి నుంచీ మీరు చిలికిందంతా విషం! వెనక్కి తిప్పండి! తిప్పండి, లేకపోతే మీ ఏడు తరాలకూ మొలకెత్తదు!"

ఎంత చదువుకున్నవాళ్లు, ఎంత ఇంటిపేరున్నవాళ్లు! బూడిద పొట్లాలు పారేసి, దొరికిన కర్ర అందుకుని, ఒకరిమీద ఒకరు పడుతూ తొట్లకేసి పరుగెత్తారు. ఎడమకు తిప్పేవాడి కర్ర కుడికి తిప్పేవాడి కర్రకు తగిలింది. తొట్లు బోర్లాపడ్డాయి. గురువును అడిగి రావాలన్నవాడిని, గురువు కన్నా చంద్రుడు పెద్దవాడన్నవాడు చావగొట్టాడు. గోశృంగనాథుడు "నిలవండి, మూఢులారా!" అని కేకలు పెడుతున్నాడు. ఇన్నేళ్లూ తానే కష్టపడి మూఢులను చేసిన సంగతి ఆ క్షణాన మరిచిపోయినట్టున్నాడు.

సరిగ్గా ఆ గందరగోళంలోకి, గంటలు మోగించుకుంటూ, పల్లెల నుంచి పేడబండి వచ్చింది.

ఆ ఆశ్రమంలో ఎవరు వచ్చినా తనిఖీ చేస్తారు, పేడబండి వస్తే కళ్లకు అద్దుకుంటారు. దాని గుట్టకు దండం పెట్టడమే తప్ప దాని చక్రాలకేసి వంగి చూసిన భక్తుడు ఇంతవరకూ పుట్టలేదు. వారుణి మోకాళ్ల దాకా పచ్చబడి, నేలకు దగ్గరగా ఉంది కాబట్టి చూసింది. రెండు చక్రాలకూ బిగించిన ఇనుప పట్టాలు రాళ్లకు రాసుకుని వెండిలా మెరుస్తున్నాయి. బండి దారి పొడవునా తీగలు వెనక్కి వెనక్కి జరుగుతున్నాయి.

"బాబాయ్, బండి! నా మీదికి తోలు!"

"నీ మీదికా?"

"కాళ్ల పక్కనుంచి! త్వరగా!"

భీమలింగం బండివాడిని దింపలేదు, పేడలోకి నెట్టాడు. పగ్గాలు అందుకుని ఎద్దుల తోకలు మెలేశాడు. అవి గిట్టలతో నిప్పులు రాలుస్తూ దూకాయి. చక్రం వారుణి మడమలను గోరంత దూరంలో ఒరుసుకుంటూ పోయింది. నులితీగలు కీచుమంటూ తెగిపడ్డాయి. పచ్చదనం కాళ్లమీదినుంచి నీళ్లలా జారిపోయింది. ఆమె ఎగిరి నొగల మీదికి ఉరికి పగ్గాలు లాక్కుంది.

ఇక ఆ బండికి పట్టపగ్గాలు లేవు. పందిళ్లు ఫెళఫెళ విరుగుతున్నాయి. పేడ ముద్దలు ముద్దలుగా లేచి పట్టుబట్టల మీద అక్షింతల్లా పడుతోంది. చక్రం తగిలిన ప్రతి మొదలూ భగ్గున పొగ కక్కి, పొగలోంచి ఒక మనిషి దగ్గుతూ లేస్తున్నాడు. ఒక సేనాని సగం లేచి మొలకు ఆకులు చుట్టుకున్నాడు. ఒక వైద్యుడు తన తల తనకుందో లేదో తడిమి చూసుకున్నాడు. తోట ఇరుగూపొరుగూ మాట్లాడుకునే వీధిలా తయారవుతోంది.

"మూలకు పోతోంది తల్లీ, మూలకు! ఎద్దులు ఆగడం లేదు!"

"ఆగమని ఎవరన్నారు?"

కుడి చక్రం అశ్రద్ధ తీగ మొదలును ఎక్కి దిగింది. బెరడు చీలింది. ఆకులన్నీ ఒక్కసారిగా రాలిపోయాయి. వారుణి పగ్గాలు వదిలేసి దూకి పరుగెత్తింది.

పొగలోంచి ఒక ముసలివాడు వచ్చాడు. తల ముగ్గుబుట్ట. నడుము విల్లులా వంగింది. చేతుల మీద చర్మం ఎండుద్రాక్షలా ముడతలు పడింది. కళ్లు చికిలించి, తొట్ల దగ్గర ఆ గందరగోళంలోనూ స్తోత్రం ఆపని శిష్యుడొకడి వైపు చెయ్యి చాపి, వణికే గొంతుతో విసుక్కున్నాడు.

"ఎవరర్రా ఆ పాడేది? ముందు ఆపమనండి."

వారుణి ఆ విసుగును గుర్తుపట్టింది. ఉదయమిత్రుడు తనకన్నా రెండేళ్లే పెద్ద. కిందటేడు ఈ చేతులే తనను ఎత్తి ఏనుగు మీద కూర్చోబెట్టాయి.

"అన్నయ్యా..."

"వారుణీ, నువ్వా?" ఆమె మొహం తడిమాడు. "ఈ మసేమిటే మూతికి? నాన్నగారు బాగున్నారా? ఏడుస్తున్నావేం? నాకేమైంది?"

అడుగుతూనే అతను తన చేతులు చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు.

"ఓహో," అన్నాడు.

వారుణి తల తిప్పేసరికి ఏనుగంత కొమ్ము గాలిలోకి లేస్తోంది. దాని మీద గోశృంగనాథుడు, రెండు చేతులా జాడీ.

"పులుపైనా సరే, పొద్దు వాలేలోగా తాగేస్తాను!" అని అరిచాడు. బెల్లంపాకం పోయి ఇప్పుడు గొంతు పగిలిన కుండలా ఉంది. "చుక్క మిగలకుండా తాగేస్తాను! ఆ తరువాత నీ అన్నను పాడె మీద తీసుకుపో!"

భీమలింగం వద్దు తల్లీ అనేలోపే ఆమె విరిగిన పందిరి గుంజ మీద కాలు మోపి, ఎద్దు వీపు మీద రెండో కాలు మోపి, ఎగిరి కొమ్ము కొసను వాటేసుకుంది. కొమ్ము జువ్వలా పైకి దూసుకుపోయింది. ఆశ్రమం విస్తరంత అయింది, అక్షింతంత అయింది, మాయమైంది. మబ్బులు తడిగుడ్డల్లా మొహాన కొట్టాయి. పడమట సూర్యుడు సగం మునిగాడు.

ఆమె పాకుతూ పాకుతూ పైకి వచ్చింది. సిద్ధుడు జాడీ మూతిగుడ్డ పళ్లతో పీకాడు. ఆమె చెయ్యి అతని మోకాలికి అందింది. ఆ పట్టుకు కొమ్ము ఊగింది, జాడీ పెదవుల దాకా వచ్చి తప్పిపోయింది.

"వదులు!"

"అది ఇచ్చెయ్యి. మా అన్న తాగవలసిన ఆయుష్షు అది."

గోశృంగనాథుడు ఆగాడు. నవ్వాడు. జాడీని అంచు పట్టుకుని శూన్యంలోకి చాపాడు.

"ఒక చేత్తో పట్టేది కాదు ఇది. రెండు చేతులూ కావాలి. కొమ్ము పట్టుకుంటే జాడీ లేదు, జాడీ పట్టుకుంటే కొమ్ము లేదు. నాకు ఇంకో గుత్తి దొరుకుతుంది, నీకు ఇంకో అన్న దొరకడు. ఆలోచించుకో అమ్మాయీ. మంచి ప్రశ్నలడిగే వంశం కదా మీది!"

"ఇందులో ఆలోచించడానికేముంది?" అంది వారుణి.

అతను వేళ్లు విప్పాడు. ఆమె కొమ్మును వదిలేసి, రెండు చేతులా జాడీని గుండెకు హత్తుకుని, చుక్క కూడా ఒలకకుండా అరచేత్తో మూతి మూసి, కళ్లు తెరిచే కిందికి పడిపోసాగింది.